నాలుగు, ఖాళీ, పది

కొండాపూర్ నుంచి ఫైలొచ్చింది.
తెరిస్తే మొగల్‌పురా ఇల్లు మొత్తం
స్క్రీన్ మూలన ఆవగింజంత.
వాళ్ళు మీటర్లలో గీస్తారు, మేం మిల్లీమీటర్లలో.
వెయ్యి పెట్టి హెచ్చవేశాను.
లేచి నిలబడింది గానీ
లేచింది వేరే ఇల్లు.

వాళ్ళ ప్రోగ్రాంలో ఒక్క ఊపున వంగిన కమాను
మా దాంట్లో ఇరవై నాలుగు పుల్లలు,
కొసా కొసా అతికించినట్టు.
గోడల్లో నింపిన ఇటుక గీతలు
పద్నాలుగు వేలు విడివిడిగా రాలిపడ్డాయి,
ఒకటి పట్టి లాగితే ఒకటే వస్తుంది.
గోడ, తలుపు, మెట్టు, మోరీ
అన్నీ పేర్లు పోగొట్టుకుని సున్నా పొరలో కుప్ప.
తలుపుకి తను తలుపునని తెలీదిప్పుడు.

పాత సంగతులు తవ్వడం నాకిష్టం ఉండదు.
మాసబ్‌ట్యాంక్ పాలిటెక్నిక్‌లో
తప్పు గీతని బ్లేడుతో గీకి
గీకినచోట గోరుతో రుద్దేవాళ్ళం, అంతే.
ఆ కాగితం నారాయణగూడలో పరిచినా
నాంపల్లిలో పరిచినా అదే ఇల్లు.
వానలో తడిస్తే మాత్రం ఎక్కడా ఇల్లు లేదు.

మధ్యాహ్నందాకా పుల్లలు ఏరి కమాన్లు వంచాను.
అప్పుడు కనిపించాయి అంగణంలో,
ఈశాన్యం వైపు, వేలెడు వరసలో:
ప్రశ్నార్థకాలు.
నాలుగు. ఒక ఖాళీ. మళ్ళీ పది.

కొలతలు తీసింది నిఖత్. ఫోన్ చేస్తే
మోగి మోగి ఆగింది.
ఆ ఆఫీసులో అడిగితే
పోయిన నెలే మానేసిందన్నారు.
"అది చెత్త సార్, ఫాంటు పోయినట్టుంది, డిలీట్ కొట్టేయండి"
అన్నాడో కుర్రాడు, మంచిగానే.
వేలు బటన్ మీదే ఉంది.
ఆ ఖాళీ ఆపింది నన్ను.
చెత్త మధ్యలో ఊపిరి తీసుకోదు.
పైగా సరిగ్గా అక్కడే పడుతోంది
మా ఏడో నంబరు పిల్లరు.

స్కూటర్ తీశాను.
అఫ్జల్‌గంజ్, నయాపూల్, ఆ పైన రంపంపొట్టు వాసన వేసే గల్లీ.
మేస్త్రీ బుచ్చిలింగం
సిమెంటు బస్తా మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు.
ప్రింటు చూపించాను.
ప్రింటు చూడలేదు, నా చెప్పుల కింద చూశాడు.
గడ్డపార తిరగేసి
నేను నిలబడ్డ షాబాదు బండ మీద ఒక్క పోటు.
బండ పలకలేదు,
బండ కింద చాలా లోతున ఏదో పలికింది.

"బాయి, సార్. పూడ్వొద్దు.
ఆ పిల్లకు జెప్పిన గద,
నా ముంగటనే రాసుకున్నది."

వేళ్ళు మడిచాను.
బ, దీర్ఘం, వ, గుడి. నాలుగు.
పూడ్చొద్దులో ఒత్తులూ గుణింతాలూ విడదీస్తే పది.
ఒక్కొక్క అక్షరం
తన స్థానంలో తాను ముసుగేసుకుని
కూర్చునే ఉంది.

పిల్లరు నాలుగడుగులు జరిపాం.
ఇంజనీరు మియాపూర్ నుంచి గంటసేపు తిట్టాడు,
బీము పొడుగైందట.
అంగణంలో ఒక వృత్తం గీశాను.
పంపితే అవతల ముప్పై రెండు మూలలై తేలుతుంది, తేలనీ.
పక్కన ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాశాను,
మేస్త్రీకి ఏదీ చదవడం రాదు గనక
ఆయన ఆ బండ చుట్టూ
నాలుగు ఇటుకలు పేర్చి సున్నం చల్లాడు.
ఆ ఫైలు మాత్రం ఎక్కడైనా తెరుచుకుంటుంది.

రాత్రి పడుకోబోతూ మళ్ళీ లెక్కపెట్టాను.
ఆయన అన్నది బాయి. నేను లెక్కపెట్టింది బావి.
బాయి అన్నా నాలుగే.
పూడ్చొద్దూ పదే, పూడ్వొద్దూ పదే.
సెకండ్ లాంగ్వేజీ తెలుగుతో
పాసైన పిల్ల నిఖత్,
బడి పుస్తకంలో మాట రాసిందో
ఆయన నోటిమాట ఉన్నదున్నట్టు దించిందో
ఆ పద్నాలుగూ చెప్పవు.

ఫోన్ ఎత్తితే ముందు అదే అడగాలి.